లేని మొగుడి ఊరికి ప్రయాణం

పోయిన వారం మంజులను బెంగళూరు సిటీ స్టేషన్లో ధర్మవరం పాసింజరు ఎక్కించి, పక్కన ఆదిలక్ష్మమ్మను కూర్చోబెట్టి, గార్డు పచ్చజెండా ఎత్తిన చోట వదిలేశాం. పాపం ఆ పిల్ల వారం నుంచీ ఆ కిటికీ దగ్గరే చెమటలు పట్టి కూర్చుని ఉంది. గార్డుకు చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. ఇక కదిలిద్దాం.

కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మంజులది పెనుకొండ. తల్లి లేని పిల్ల, గొర్రెల బేరాలు చేసే తాత తిమ్మప్ప దగ్గర పెరిగింది. బెంగళూరులో మైసూరు రోడ్డు మీద బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని దొరికింది గానీ, తల దాచుకునే చోటు దొరకలేదు. బాడిగ అందుబాటులో ఉన్న వీధుల్లో దీపాలుండవు, మలుపుకొక సారాయంగడి ఉంటుంది. దీపాలున్న వీధుల్లో బాడిగ చెబితే నెల జీతం సిగ్గుతో తల వంచుకుంటుంది. రెండూ కుదిరిన చోట ఇంటివాళ్ళు మనిషిని కిందికీ పైకీ చూసి, "ఒంటి ఆడపిల్లకు ఇయ్యం" అని తలుపేస్తారు.

అప్పుడు తిమ్మప్ప స్వయంగా బెంగళూరు దిగాడు. ఇల్లు వెతికే పద్ధతి అతనికి అతనిదే. కొత్త బీడుకు గొర్రెల్ని తోలుకుపోయినప్పుడు తోడేలుందా లేదా అని ఎవర్నీ అడగడు. గొర్రెలు యాడ పడుకుని నెమరేస్తాయో చూస్తాడు. బెంగళూరులోనూ అదే చేశాడు. ప్రతి వీధి మొదట్లో పొద్దుగూకే వేళ బీడీ కాలుస్తూ కూర్చుని, బస్సు దిగి ఇళ్ళకు పోయే ఆడవాళ్ళ కాళ్ళు చూశాడు. ఏ వీధిలో చూసినా కాళ్ళు తొందరపడుతున్నాయి. చామరాజపేటలో ఒక సందులో మాత్రం ఆడవాళ్ళు సంచులు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, టమాటా ధర గురించి నిలబడి తగువులాడుకుంటున్నారు. తిమ్మప్ప బీడీ ఆర్పేసి, "ఇదే మంద" అన్నాడు.

ఆ సందులో ఉంది ఆదిలక్ష్మమ్మ వటారం. ఒకటే వాకిలి, నడుమ కుళాయి, రెండు పక్కలా వరసగా గదులు. అలాంటి వరస ఇళ్ళను బెంగళూరులో వటారం అంటారు. బాడిగ తక్కువ, మనుషులు మంచివాళ్ళు, కానీ నియమం అక్కడా అదే.

"పెండ్లి గాని పిల్లలకు ఇయ్యనప్పా. ఏమన్నా అయితే నాకు కదా మాట" అంది ఆదిలక్ష్మమ్మ.

తిమ్మప్ప రెప్ప వేయలేదు. "పెండ్లి గానిదెవురక్కా? నా మనమరాలి మొగుడు మిలిటరీలో ఉండాడు. కాశ్మీరం కొండల మింద."

ఆ సాయంత్రమే పసుపుతాడూ కొమ్మూ కొనుక్కొచ్చి మంజుల చేతిలో పెట్టాడు. "నీ చేతుల్తో నువ్వే కట్టుకో. మొగోడు కడితే గదా తాళి. నువ్వు కట్టుకుంటే తాయెత్తు. ఏ గాలీ సోకదు" అన్నాడు. మంజుల కట్టుకుంది. నిజంగానే ఏ గాలీ సోకలేదు.

ఇదంతా పోయిన దసరా నాటి మాట. ఇప్పుడు తొంభై తొమ్మిది జూన్. నిజంగానే ఆ కొండల మీద యుద్ధం వచ్చి కూర్చుంది. తిమ్మప్ప కల్పించిన అల్లుడు వేణు, పుట్టని వాడు, పుట్టినవాళ్ళందరి కంటే ఎక్కువ మందికి సొంతవాడైపోయాడు. వటారం ఆడవాళ్ళు రేడియో చుట్టూ చేరి మంజుల భుజం మీద చెయ్యి వేసుకుని వార్తలు వింటున్నారు. కుళాయి దగ్గర మొదటి బిందె ఆమెది. రాత్రి షిఫ్టు రోజుల్లో ఎవరో ఒకరు బస్టాపుకు ఎదురొస్తున్నారు. ఆదిలక్ష్మమ్మ శుక్రవారాలు అన్నం మానేసింది. కడకు ఒకనాడు పసుపు గుడ్డ తడిపి ఆరేసి, "కదిరి నరసింహస్వామికి ముడుపు కట్టించాల. కన్నతల్లి చేత్తో, కొడుకు పేరు చెప్పి కట్టించాల. పెనుకొండకు పోదాం పా, మీ అత్తను చూస్తా" అంది.

మంజుల ఎస్టీడీ బూతుకు పరుగెత్తి తాతకు చెప్పింది. తాత అవతల నవ్వాడు. "తోలుకోని రా. అత్త గావాల, అంతే గదా. నేను లేనా."

అదీ కథ. ఇప్పుడు బండి.

యలహంక దాటేలోపల చెప్పేయాలనుకుంది మంజుల. దాటింది. దొడ్డబళ్ళాపురం దాటేలోపల అనుకుంది. అదీ దాటింది. చెబితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. గది పోతుంది. మళ్ళీ దీపాలు లేని వీధులు, తొందరపడే కాళ్ళు. అందుకే నోరు తెరిచినప్పుడల్లా మాట గొంతు దాకా వచ్చి, బాడిగ గుర్తొచ్చి వెనక్కి పోతోంది.

ఎదురు సీట్లో పెద్దాయన ఊరికే ఉండలేక, "యాడికమ్మా ప్రయాణం?" అన్నాడు.

"పెనుకొండకప్పా" అంది ఆదిలక్ష్మమ్మ. "ఈ పిల్ల మొగుడు యుద్ధంలో ఉండాడు. వాళ్ళమ్మ చేత ముడుపు కట్టించను పోతాండాం."

రైలుపెట్టె అంతా తిరిగి చూసింది. కిటికీ పక్కన కూర్చున్నతను లేచి, "నువ్వు గాలికి కూచోమ్మా" అని చోటిచ్చాడు. ఒకామె జామకాయ ఇచ్చింది. పెద్దాయన తువ్వాలతో సీటు దులిపాడు. హిందూపురంలో బండి ఆగితే పూలామె రెండు మూరల మల్లెపూలు కిటికీలోంచి అందించింది. ఆదిలక్ష్మమ్మ చిల్లర తీయబోతే, "మిలిటరీ ఆయప్ప పెండ్లాం కాడ దుడ్లు తీసుకుంటానా అక్కా, ఏం మాట" అని బుట్ట నెత్తికెత్తుకుంది.

ఆ పూలు తలలో పెట్టుకోలేక, ఒళ్ళో పెట్టుకోలేక మంజుల వాటిని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. హిందూపురంలో బండి చాలాసేపు ఆగింది. అంతసేపూ చెప్పొచ్చు. ఆదిలక్ష్మమ్మ చిత్రాన్నం పొట్లం విప్పి, మొదటి ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టింది. నోట్లో ముద్దతో ఎవరైనా ఏం చెబుతారు?

"ఏమే, కండ్లలో నీళ్ళు?"

"మిరపకాయ అవ్వా."

"వచ్చేస్తాడులే. నిన్న రాత్రి కలలో కనబడ్న్యాడు నాకు. మీసం ఉంది గదూ?"

"ఊ" అంది మంజుల. ఆ ఒక్క అక్షరంతో వేణుకు మీసం కూడా మొలిచింది.

పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద తిమ్మప్ప గంజి పెట్టిన తలగుడ్డ చుట్టుకుని పెళ్ళివారి కోసం నిలబడినట్టు నిలబడ్డాడు.

"రాండక్కా రాండ. ప్రయాణం బాగైందా? ఈ పాసింజరు మా గొర్రె కంటే మెల్లిగా వస్తాది. ఒగసారి బెంగళూరు సంతలో ఒగ పొట్టేల్ని అమ్మి ఈ బండే ఎక్కినా. ఇంటికొచ్చి చూస్తే పొట్టేలు నాకంటే ముందొచ్చి గాడి కాడ మేస్తాంది. కొన్న సాయిబు దాని తోక పట్టుకోని మా వాకిట్లో దమ్ము తీసుకుంటాండాడు."

ఆదిలక్ష్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "అల్లుని కాడ్నించి కబురేమన్నా వచ్చిందాప్పా?"

"రాకేం. మొన్ననే జాబొచ్చె. ఆడ చలి ఎట్లుందంటే అక్కా, పొద్దున లేస్తే మనిషి నీడ మంచుకు అతుక్కోని ఉంటాదంట. పారతో గీకి లేపితే గానీ అడుగు తీసి అడుగెయ్యలేరంట. మావోడు రెండు నీడలు గీకి పక్కోడికి ఒగటి ఇచ్చినాడంట."

"అయ్యో పాపం" అంది ఆదిలక్ష్మమ్మ. ఆమె నమ్మింది. ప్రేమ ముదిరినవాళ్ళకు నీడ గడ్డకట్టడం పెద్ద సంగతి కాదు.

మంజుల తాత చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "తాతా, వద్దు. ఈడితో చాలిద్దాం. నేను చెప్పేస్తా."

"గమ్మునుండు అమ్మీ. ఒగ్గంట ఓర్చుకో. ముడుపు కడతారు, పోతారు. యుద్ధం అయినాక వాన్ని దుబాయికి పంపించేస్తా, ఇంగ ఎవురూ అడగరు."

ఇల్లు స్టేషనుకు దూరం లేదు. వసారాలో చాప మీద ఒకామె కూర్చుని ఉంది. ఉతికిన చీర, ముదురు కుంకుమ, మోకాళ్ళ మీద చేతులు. చింతపండు కొట్టి కొట్టి గోళ్ళు నల్లబడిన చేతులు. అడుగుల చప్పుడు వినగానే, నేర్పిన పాఠం గుర్తుచేసుకున్నట్టు కొంగు కళ్ళకు ఒత్తుకుంది.

"ఈయమ్మే అక్కా, మా వియ్యపురాలు. కుళ్ళాయమ్మ. వీళ్ళ ఊరు సోమందేపల్లి అవతల, ఎండలో మీరు నడవలేరని ఈడికే పిలిపిస్తి" అన్నాడు తిమ్మప్ప.

మంజుల గడప దగ్గరే ఆగిపోయింది. తాత అత్తను తెస్తానన్నాడు. ఏ చింతపండు మండీలోనో ఏ ముసలామెనో మాట్లాడి తెస్తాడనుకుంది. కుళ్ళాయమ్మను తెస్తాడనుకోలేదు. ఈ లోకంలో మంజుల ఎదుట పడలేని మనిషి ఒక్కరుంటే అది కుళ్ళాయమ్మే.

ఎందుకంటే కుళ్ళాయమ్మ కూతురు మల్లిక.

పెనుకొండ బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఉగాది అయిన కొత్తలో మల్లిక నీలం రేకు పెట్టె మోసుకుని, అడ్రసు అడుక్కుంటూ, చామరాజపేట సందులోకి వచ్చింది. ఆమెకూ ఫ్యాక్టరీలో పని దొరికింది. మంజుల ఉండే చోటే తానూ ఉంటే చాలనుకుంది. వటారం వాకిట్లో నిలబడి గది అడిగింది. పెళ్ళయిందా అంటే, కాలేదవ్వా అంది. కల్లలు చెప్పే తాత ఆమెకు లేడు.

ఆదిలక్ష్మమ్మ మనసు కరిగినట్టే ఉంది. కుళాయి దగ్గరున్న మంజులను పిలిచి, "ఏమే, మీ పక్క మాటే మాట్లాడుతాంది. నీకు తెలిసిన పిల్లేనా? తెలిసింటే చెప్పు, నీ గదిలోనే పెట్టుకో, నీకూ తోడు" అంది, ఎడమ పక్క మూడో గదికేసి చూపిస్తూ.

మల్లిక చూపు మంజుల మెడలో తాడు మీద పడింది. ఎప్పుడైందే పెళ్ళి, అని ఒక్క మాట ఆమె నోటి నుంచి జారితే చాలు. మంజుల బిందె మీద చెయ్యి తీయకుండా, "తెలీదవ్వా" అంది.

మల్లిక తాడు వంక చూసి, మంజుల మొహం వంక చూసి, అర్థమైనదాన్ని లోపలే పెట్టుకుని, పెట్టె ఎత్తుకుంది. "సరేవ్వా, యాడన్నా చూసుకుంటాలే" అని సందు మలుపు తిరిగింది. మంజుల బిందె నిండి నీళ్ళు కింద పోతూనే ఉన్నాయి. వెనకాలే పరుగెత్తి ఒక్క మాట చెప్పుకొని ఉండొచ్చు. సాయంత్రమైనా వెతుక్కుంటూ పోయి ఉండొచ్చు. రేపు పోదాంలే అనుకుంది. ఆ తర్వాత ఒకసారి మల్లికను బస్సులోంచి దూరంగా చూసింది, అంతే. మళ్ళీ కనబడలేదు.

ఆ మల్లిక తల్లి ఇప్పుడు లేచి వచ్చి, మంజుల రెండు చేతులూ పట్టుకుంది. "బాగుండావా అమ్మీ? చిక్కిపోయినావే" అంది. అది నేర్పిన పాఠంలో లేని మాట.

ఆదిలక్ష్మమ్మ చాప మీద కూర్చుని, సంచిలోంచి పసుపు గుడ్డ తీసింది. మడతలు విప్పి, అందులో బియ్యం, పసుపు, వక్క పెట్టింది. వటారంలో ప్రతి గది నుంచీ ఒక్కో గుప్పెడు బియ్యం వచ్చాయని చెప్పింది. చివరింటి మంచం పట్టిన ముసలామె కూడా వణికే చేత్తో నాలుగు గింజలు వేసిందట.

"ఈ పక్క ముడి నువ్వెయ్యాల తల్లీ. కొడుకు పేరు మూడుసార్లు మనసులో అనుకోని, నా కడుపున పుట్టినోన్ని నాకిచ్చెయ్యి సామీ అని ముడెయ్యి. కన్నదాని మాట ఆయనకు ముందు ఇనబడతాది."

కుళ్ళాయమ్మ గుడ్డ చేతిలోకి తీసుకుంది. రెండు కొసలూ దగ్గరకు తెచ్చింది. అక్కడ ఆగింది.

"కానియ్యి వియ్యపురాలా" అని తిమ్మప్ప దగ్గాడు.

కుళ్ళాయమ్మ ఆ కొసలను చూస్తూ ఉండిపోయింది.  తర్వాత మెల్లగా గుడ్డను చాప మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

"నా వల్ల కాదు తిమ్మప్పన్నా."

"ఏడుపొస్తాది లేక్కా, కన్నకడుపు గదా" అని తిమ్మప్ప ఆదిలక్ష్మమ్మకు సర్దిచెప్పబోయాడు.

"ఏడుపు గాదు" అంది కుళ్ళాయమ్మ. "ఏడ్చమన్యావు, ఏడుస్తిని. అత్తననమన్యావు, అంటి. ఇది సామి కాడికి పోయే ముడుపు. లేనోని పేరు చెప్పి, నా కడుపున పుట్టినాడని ముడేస్తే, నా కడుపున నిజంగా పుట్టిన బిడ్డకేమన్నా అయితే? నేను కట్టను. నన్ను ఇడిసిపెట్టండి."



ఆదిలక్ష్మమ్మ ముందు కుళ్ళాయమ్మను చూసింది, తర్వాత తిమ్మప్పను. చివరికి మంజుల వైపు తిరిగింది. "లేనోడు అంటాంది. ఎవురే లేనోడు?"

పొద్దున్నుంచీ గొంతులో తిరుగుతున్న మాట ఇప్పుడు అడగకుండానే బయటపడింది. "వేణు అవ్వా. ఎవురూ లేరు. నాకు పెండ్లి గాలేదు."

"మరి ఆ తాడు?"

"నేనే కట్టుకున్యా."

ఆదిలక్ష్మమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని మంజులకు అనిపించింది. ఆమె బియ్యం గింజలు ఒక్కొక్కటే గుడ్డ మీద సర్దుతూ, "ఎన్ని శుక్రవారాలే" అంది. "ఎన్ని శుక్రవారాలు పస్తుంటి. రేడియోలో పేర్లు చదువుతాంటే నా గుండె కొట్టుకోవడం ఆగిపోయేది. వాడి పేరు రాలేదని తెలిసినాక మొగం కడుక్కొని నీళ్ళు తాగేదాన్ని. నాకు వాడు కలలో గూడా వచ్చె గదే."

"అక్కా, తప్పు నాది" అన్నాడు తిమ్మప్ప. తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని గొంతులో వెనకటి ఊపు లేదు. "ఊరంతా తిరిగి తిరిగి, అందరూ తలుపులేస్తే, మీ ఒక్క వాకిలి తెరిచి ఉండె. దానికి గూడా గడియ పడతాదని ఒగ చిన్న అబద్ధం అడ్డం పెడితి. అది ఇంత పెరుగుతాదని..."

"నువ్వు పెంచితివప్పా. అది పెరగలేదు." ఆదిలక్ష్మమ్మ లేచి నిలబడింది. "మాపటి బండికి నేను పోతాండా. అమ్మీ, రేపొచ్చి నీ సామాను సర్దుకో. నీ మింద కోపం గాదు. ఆ వటారంలో ఆడోళ్ళకు నేనేం మొగం పెట్టుకోని చెప్పేది? మంచంలో ముసలామెకు ఏం చెప్పేది, నీ నాలుగు గింజలు యాడ పోస్తినని?"

మంజుల తల వంచుకుంది. తొమ్మిది నెలలు ఏ గదిని కాపాడుకోవడానికి ఇంతా చేసిందో, ఆ గది ఒక్క మాటతో పోయింది. వింతేమిటంటే బాధకు బదులు ఎక్కడో చిన్న ఊరట కలిగింది. ఇంతటితో అయిపోయిందని. పాపం, ఆ పిల్ల అలా అనుకుంది.

కుళ్ళాయమ్మ ముందుకు వచ్చి ఆదిలక్ష్మమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది.

"అవ్వా, అట్ల అనొద్దు. దీన్ని పంపించేస్తే ఎట్ల? ఇదొక్కతే గాదు గదా. మా మల్లిక గూడా దీని గదిలోనే ఉండాది గదా. ఇద్దరాడపిల్లలు యాడికి పోతారు? నా బిడ్డను నీడన పెట్టుకున్యాదనే గదా, ఈ పాడు ఏషం నేను కట్టింది. దీని కోసమని అడిగితే, అబద్ధమైనా సరే కాదనకూడదనుకుంటి."

"ఏ మల్లిక?" అంది ఆదిలక్ష్మమ్మ.

"నా కూతురు. ఉగాది అయినాక వచ్చింది గదా మీ ఇంటికి. నీలం పెట్టె."

ఆదిలక్ష్మమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. వాకిట్లో నిలబడిన ఒక ఆకారాన్ని వెతుకుతున్నట్టు చూసింది. దొరికింది. మంజుల వైపు తిరిగింది. "నిన్నడిగితి గదే. తెలిసిన పిల్లేనా అని. తెలీదంటివి."

 ఫోన్లో తాత చెప్పిన మాట ఒకటి మంజుల చెవుల్లో గింగురుమంటోంది. మల్లికను అడిగినానని చెప్పు, అన్నాడు ప్రతిసారీ. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు కాబట్టి అంటున్నాడనుకుని, మీటరు తిరుగుతోందని, ప్రతిసారీ "ఊ" అని పెట్టేసింది.

"తెలీదన్యాదా?" కుళ్ళాయమ్మకు ఇంకా అర్థం కాలేదు. నవ్వబోయింది. "లేదవ్వా, మీరు మర్చిపోయింటారు. అది అంతా చెప్పింది నాకు. వాకిట్లో తులసికోట ఉండాదంట. నడుమ కుళాయి. దాని పక్క దొండపందిరి. పచ్చ తలుపులు. మంజులది ఎడమ పక్క మూడో గదంట."

"ఇంకా?" అంది ఆదిలక్ష్మమ్మ. గొంతు మారిపోయింది. "లోపల ఎట్లుందని చెప్పింది తల్లీ? గదిలో ఏముండాది? నేనేం వండి పెడతానని చెప్పింది?"

కుళ్ళాయమ్మ ఆలోచించింది. "లోపలి సంగతి చెప్పలా. నేనూ అడగలా."

"వాకిలి కాడ నిలబడితే కనబడేటివే అవన్నీ" అంది ఆదిలక్ష్మమ్మ మెల్లగా. "నేను దాన్ని నిలబెట్టింది ఆడికే."

 ఆ మాట అర్థమయ్యాక కుళ్ళాయమ్మ ఏడవలేదు. చింతపండు మరకల చేతులతో మంజుల గడ్డం పట్టి పైకెత్తింది. నేర్పితే ఏడ్చిన కళ్ళు ఇప్పుడు పొడిగా ఉన్నాయి.

"అమ్మీ, నా బిడ్డ నీ కాడ లేదా?"

"లేదు చిన్నమ్మా."

"యాడుండాది?"

"తెలీదు చిన్నమ్మా." అదే మాట. ఆ రోజు కుళాయి దగ్గర అబద్ధంగా అన్న మాట, ఈ రోజు నిజమై నోట్లో నిలబడింది.

తిమ్మప్ప ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. యుద్ధానికీ చలికీ పొట్టేలుకూ కథ చెప్పగలిగిన మనిషికి ఆ వసారాలో ఒక్క కథ దొరకలేదు. 

"కాదు కాదు" అంది కుళ్ళాయమ్మ, తల అడ్డంగా ఊపుతూ. "మీరేదో పొరబడ్నారు. పోయిన అమాస నాడు సోమందేపల్లి బూతు నుంచి నేను మాట్లాడ్తి గదా. అదిచ్చిన నంబరే. ఎవురో మొగాయన ఎత్తినాడు. మల్లిక డ్యూటీకి పోయిందమ్మా, నేను వటారం ఓనరమ్మ కొడుకును, నీ బిడ్డ మా ఇంట్లో భద్రంగా ఉండాది, నువ్వు ఇంగ ఫోన్లు చెయ్యొద్దు అన్యాడు. మర్యాదగానే చెప్పినాడు. మీ కొడుకే గదా అవ్వా?"

ఆదిలక్ష్మమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

"నాకు కొడుకుల్లేరు తల్లీ" అంది. "మా వటారంలో ఫోనూ లేదు."